చెప్పేవాడే చచ్చిపోతే కథ ఎవరు చెప్పినట్టు?

1851 అక్టోబరులో లండన్‌లో మూడు సంపుటాల నవల ఒకటి వచ్చింది. పేరు 'ది వేల్', అంటే తిమింగలం. వేసింది 500 కాపీలే. ఓపికున్న పాఠకులు మూడు సంపుటాలూ ముగించి చివరికొచ్చేసరికి తిమింగలం ఓడని గుద్దేసింది, ఓడ మునిగింది, కెప్టెనూ పోయాడు, మనుషులందరూ పోయారు. ఆ తర్వాత కొన్ని పేజీల నిండా తిమింగలాల గురించి ఎవరెవరో ఎక్కడెక్కడో రాసిన మాటలు. అంతే, పుస్తకం అయిపోయింది.

బానే ఉంది. మరి మొదటి పేజీ నుంచీ "నేను, నేను" అంటూ ఈ కథంతా చెబుతున్న మనిషి మాటేంటి? వాడూ ఆ ఓడలోనే కదా ఉన్నాడు? వాడూ పోతే ఇదంతా మనకి చెప్పిందెవరు?

లండన్ పత్రికలు సరిగ్గా ఇక్కడే పట్టుకున్నాయి. 'స్పెక్టేటర్' పత్రిక సమీక్షకుడు ఓ సూత్రం చెప్పాడు. రచయితకి తెలిసే అవకాశమే లేని విషయం నవల్లో ఉండకూడదట. గనిలో చిక్కుకున్న కూలీలందరూ చచ్చిపోతే లోపల వాళ్లు ఏం మాట్లాడుకున్నారో రాయకూడదట, ఎందుకంటే బయటికొచ్చి చెప్పినవాడు ఎవడూ లేడు కాబట్టి. ఈ మెల్విల్ గారు ఆ సూత్రాన్ని దాదాపు తప్పారనీ, దానికితోడు 'నేను' అని మొదలెట్టి మధ్యలో ఇష్టమొచ్చినప్పుడల్లా ఆ 'నేను'ని వదిలేసి కథ నడిపారనీ రెండు నేరాలు మోపాడు. 'ఎథీనియం' అనే ఇంకో పత్రిక ముగింపు హడావుడిగా, అస్పష్టంగా ఉందని తేల్చేసింది.

ఇంతకీ ఆ పుస్తకం ఏదో మీకు తెలిసిపోయే ఉంటుంది. అదే నవల నెల తిరక్కుండా నవంబరులో న్యూయార్క్‌లో హార్పర్స్ వాళ్లు వేశారు, 'మోబీ డిక్' అనే పేరుతో. అందులో చివర ఒక చిన్న ఉపసంహారం ఉంది. లండన్ ప్రతిలో అది లేదు! మొత్తం గొడవంతా ఆ ఒక్క పేజీ గురించే.

నవల చదవనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో. ఇష్మాయేల్ అనే కుర్రాడు నాంటకెట్ దీవిలో పీక్వాడ్ అనే తిమింగలాల వేట ఓడ ఎక్కుతాడు. పక్కన క్వీక్వెగ్ అనే పసిఫిక్ దీవుల స్నేహితుడు, ఒళ్లంతా పచ్చబొట్లు, బల్లెం విసరడంలో మొనగాడు. కెప్టెన్ పేరు ఏహబ్. ఒక తెల్ల తిమింగలం ఆయన కాలు కొరికేసింది, దాన్ని చంపి తీరాలన్నదే ఆయన పంతం. ఓడ యజమానులు పంపింది నూనె కోసం, ఈయన వెళ్లింది పగ కోసం. చీఫ్ మేట్ స్టార్‌బక్ ఒక్కడే ఇది తప్పని మొహమ్మీదే చెప్తాడు (ఆ పేరే తర్వాత కాఫీ కొట్లవాళ్లు పెట్టుకున్నారు). మిగతావాళ్లంతా కెప్టెన్ ఊపులో పడిపోతారు. మూడు రోజుల వేట తర్వాత తిమింగలం గెలుస్తుంది. మన తెలుగు బైబిల్ చదివినవాళ్లకి ఈ పేర్లు కొత్త కాదు. అహాబు చెడ్డ రాజు, ఇష్మాయేలు ఇంట్లోంచి అడవిలోకి వెళ్లగొట్టబడ్డ పిల్లాడు. మెల్విల్ ఆ పేర్లు ఊరికే పెట్టలేదు.

సరే, పేజీ ఎలా పోయిందో చూద్దాం. ఇది చదువుతుంటే నాకు మా ఆఫీసు రిలీజులే గుర్తొచ్చాయి. ఒకే సోర్సు నుంచి రెండు బిల్డులు తీసి, ఒకదాంట్లో ఒక ఫైలు చేర్చడం మర్చిపోయి కస్టమర్‌కి పంపేస్తే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉందీ వ్యవహారం. అప్పట్లో అమెరికా రచయితలకి ఇంగ్లండ్‌లో హక్కులు దక్కాలంటే ముందు అక్కడ అచ్చవడం మేలు. హార్పర్స్ వాళ్లు మెల్విల్‌కి అడ్వాన్సు ఇవ్వలేదు. అందుకని తనే న్యూయార్క్‌లో ఒక ప్రెస్సువాడితో టైపు కూర్పించుకుని, ఆ ప్రూఫులు 1851 సెప్టెంబరులో లండన్‌లో బెంట్లీ అనే పబ్లిషర్‌కి పంపించాడు. బెంట్లీ వాటిని చూసి మళ్లీ కొత్తగా టైపు కూర్పించాడు. ఆ క్రమంలో దేవుడి మీద వెటకారాలూ, రాజుల మీద విసుర్లూ కత్తిరించేశారు. అమెరికా ప్రతిలో మొట్టమొదట్లో వచ్చే తిమింగలాల ఉల్లేఖనాల్ని తీసుకెళ్లి మూడో సంపుటం చివర్న పడేశారు. చివరి నిమిషంలో రచయిత నవల పేరు మార్చితే ఆ మార్పూ లండన్ ప్రతికి ఎక్కలేదు. ఉపసంహారం సంగతికొస్తే, ఆ ఉల్లేఖనాల్ని వెనక్కి జరిపే గొడవలోనే ఆ కాగితం ఎగిరిపోయుంటుందని కొందరు పండితుల ఊహ. ప్రూఫులు పంపేశాక మెల్విల్ దాన్ని రాసుంటాడని ఇంకొందరి ఊహ.

తమాషా ఏంటంటే బోస్టన్‌లో ఒక పత్రిక ఈ నవల గురించి రాస్తూ లండన్ ఎథీనియం సమీక్షనే ఎత్తిరాసింది. అంటే చేతిలో ఉన్నది ఉపసంహారం ఉన్న పుస్తకం, తిట్టింది మాత్రం ఉపసంహారం లేని పుస్తకాన్ని. పూర్తిగా చదవకుండా రివ్యూ రాయడం ఇంటర్నెట్ వచ్చాక పుట్టిన జబ్బు కాదన్నమాట :)

ఆ పేజీలో ఏముందంటే, ఆఖరి రోజు ఏహబ్ పడవలోంచి ముగ్గురు నీళ్లలో పడితే ఇద్దరు మళ్లీ ఎక్కేస్తారు, ఒకడు వెనకపడిపోతాడు. ఆ వెనకపడ్డవాడు ఇష్మాయేల్. దూరంగా తేలుతూ అంతా చూస్తాడు. ఓడ మునిగినచోట సుడి ఏర్పడి అతన్నీ లాక్కుంటుంది, కానీ అతను నడిమధ్యకి చేరేసరికి సుడి చల్లబడి, అడుగునుంచి ఒక శవపేటిక పైకి తన్నుకొస్తుంది. అది క్వీక్వెగ్‌ది. జ్వరమొచ్చి ఇక బతకననుకున్నప్పుడు ఓడ వడ్రంగితో చేయించుకున్నాడు. తర్వాత లేచి కూర్చున్నాడు, పెట్టె వృథా ఎందుకని దానికి తారు పూసి ఓడకి లైఫ్‌బోయ్‌గా కట్టారు (సబ్బు కాదండోయ్, నీళ్లలో పడ్డవాడికి విసిరేది). ఇష్మాయేల్ దాన్ని పట్టుకుని దాదాపు ఒక పగలూ రాత్రీ తేలతాడు. రెండోరోజు రేచల్ అనే ఓడ వచ్చి ఎక్కించుకుంటుంది.

ఈ రేచల్ సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. మూడు రోజుల వేట మొదలవకముందు ఇదే ఓడ పీక్వాడ్‌కి ఎదురవుతుంది. దాని కెప్టెన్ పన్నెండేళ్ల కొడుకు ఉన్న పడవ సముద్రంలో తప్పిపోయింది. "నాతోపాటు వెతుకు, నీకూ ఒక కొడుకున్నాడు కదా" అన్నట్టుగా ఏహబ్‌ని బతిమాలుకుంటాడు. ఏహబ్ తనకి టైం లేదంటాడు. ఆ తండ్రి తన పిల్లాడి కోసం అలా సముద్రంలో అటూ ఇటూ తిరుగుతూనే ఉండబట్టి, పిల్లాడు దొరక్కపోయినా ఇష్మాయేల్ దొరికాడు. తిరిగి ఇంటికి వెళ్లిపోయుంటే కథ చెప్పేవాడే లేడు. లండన్ పాఠకులకి ఆ ఓడ వేడుకోలు మాత్రమే మిగిలింది, దాని ఫలితం మిగల్లేదు.

ఉపసంహారానికి పైన యోబు గ్రంథంలోంచి ఒక ముక్క పెట్టాడు మెల్విల్. యోబు దగ్గరికి వరసగా నలుగురు పరుగెత్తుకుంటూ వచ్చి ఆస్తి పోయిందనీ, పనివాళ్లు పోయారనీ, పిల్లలు పోయారనీ చెప్తారు. ప్రతివాడూ చివర్న ఒకే మాట అంటాడు, చెప్పడానికి నేనొక్కణ్ణే మిగిలానని. అలా ఒక్కడు మిగలడం అనేది ఎంత పాత కథనపు సూత్రమో చూడండి.

ఇంగ్లిషు సముద్ర కథలకి ఇది సూత్రం మాత్రమే కాదు, పూచీకత్తు కూడా. 1719లో రాబిన్సన్ క్రూసో వచ్చినప్పుడు ముఖపత్రం మీద డీఫో పేరు లేదు, ఇది క్రూసో స్వయంగా రాసుకున్నదనే వేశారు. నిజంగా ఓడ మునిగి బయటపడ్డవాళ్లు రాసుకున్న పుస్తకాలకి అప్పట్లో మంచి గిరాకీ. మెల్విల్ ముందున్న అసలు కథే అలాంటిది. 1820 నవంబరు 20న పసిఫిక్ మధ్యలో ఎసెక్స్ అనే నాంటకెట్ ఓడని ఒక స్పెర్మ్ తిమింగలం గుద్ది ముంచేసింది. ఇరవైమంది చిన్న పడవల్లో పడ్డారు. ఆకలికి తట్టుకోలేక చచ్చిపోయినవాళ్లని తిన్నారు, చీట్లేసి ఒక కుర్రాణ్ణి చంపారు కూడా. చివరికి మిగిలింది ఎనిమిదిమంది. ఫస్ట్ మేట్ ఓవెన్ చేజ్ మరుసటి ఏడాదే పుస్తకం వేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత అకుష్‌నెట్ అనే ఓడలో తిమింగలాల వేటకి వెళ్లిన మెల్విల్‌కి సముద్రం మధ్యలో ఆ చేజ్ కొడుకే కలిసి, తండ్రి పుస్తకం చదవడానికిచ్చాడు. ఆ సంఘటన జరిగిన చోటుకి మరీ దూరం కాని నీళ్లలో ఆ పుస్తకం చదవడమంటే ఒళ్లు ఎలా జలదరించి ఉంటుందో!

కాబట్టి స్పెక్టేటర్ సమీక్షకుడు చాదస్తుడని తీసిపారెయ్యలేం. 'నేను' అంటూ సముద్రం కథ మొదలెట్టావంటే, నేను అక్కడ ఉన్నాను, బతికొచ్చాను, నామాట నమ్ము అని చెప్పినట్టే లెక్క. ముప్పై ఏళ్ల తర్వాత స్టీవెన్‌సన్ 'ట్రెజర్ ఐలండ్' రాసినప్పుడు ఈ లెక్కని ఎంత జాగ్రత్తగా పాటించాడో చూడండి. కథ చెప్పేది జిమ్ అనే కుర్రాడు. మధ్యలో వాడు లేనిచోట జరిగిన సంగతులు చెప్పాల్సొచ్చింది. అంతే, కలం డాక్టర్ చేతికిచ్చి మూడు అధ్యాయాలు ఆయనచేత చెప్పించి, మళ్లీ జిమ్‌కి ఇచ్చేశాడు. స్పెక్టేటర్ వాళ్లు చూస్తే శభాష్ అనేవాళ్లు.

మెల్విల్ అలా కాదు. ఏహబ్ తన కేబిన్లో ఒంటరిగా కూర్చుని తనలో తను మాట్లాడుకునేవన్నీ ఇష్మాయేల్ మనకి చెప్పేస్తుంటాడు. తర్వాత స్టార్‌బక్ మనసులో మాట, ఆ తర్వాత సెకండ్ మేట్ స్టబ్ మనసులో మాట. 40వ అధ్యాయం ఏకంగా నాటకమే, పాత్రల పేర్లూ, వాళ్ల డైలాగులూ, రంగసూచనలతో సహా. వీటిల్లో ఇష్మాయేల్ ఎక్కడ నిలబడి విన్నాడు? మాస్టు మీదనా, గోడ పక్కనా? ఉపసంహారం చేర్చినంత మాత్రాన ఈ రెండో నేరం మాఫీ కాదు. బతికొచ్చాడు సరే, ఇవన్నీ వాడికెలా తెలుసు?

మనకైతే ఇది పెద్ద ప్రశ్న అనిపించదు. కురుక్షేత్రంలో ఏం జరిగిందో ధృతరాష్ట్రుడికి చెప్పేది సంజయుడు. వ్యాసుడు ముందే అతనికి దివ్యదృష్టి ఇచ్చేశాడు. రాత్రీ పగలూ ఎక్కడ ఏం జరిగినా కనిపిస్తుంది, ఎదుటివాడు మనసులో అనుకున్నది కూడా తెలుస్తుంది. అంటే భారతం చెప్పినవాళ్లకి కూడా ఈ "వీడికెలా తెలుసు" అన్న ప్రశ్న ఎదురైందనే కదా! వాళ్లు దానికో లైసెన్సు ఇచ్చి పని కానిచ్చేశారు. ఇష్మాయేల్‌కి ఆ లైసెన్సు ఇచ్చేవాళ్లెవరూ లేరు.

అన్నట్టు మెల్విల్‌కి మనవాళ్ల కథలు అసలు తెలీకపోలేదు. 82వ అధ్యాయంలో తిమింగలాల వేటగాళ్ల సంఘంలో గొప్పవాళ్ల జాబితా ఒకటి తయారుచేస్తూ అందులో విష్ణుమూర్తిని కూడా చేర్చేస్తాడు. సముద్రం అడుగున పడిపోయిన వేదాల కోసం తిమింగలంగా అవతారమెత్తి దిగాడు కాబట్టి ఆయనా మనవాడేనట! మన భాగవతం అష్టమ స్కంధంలో చదువుకునే మత్స్యావతారం నాంటకెట్ నావికుల క్లబ్బులో సభ్యత్వం తీసుకోవడం చూసి నవ్వుకున్నాను. వెటకారమే గానీ చులకన లేదు అందులో.

మళ్లీ విషయానికొస్తే, నా లెక్క ప్రకారం ఇష్మాయేల్ బతికే ఉన్నాడని తెలుసుకోడానికి ఉపసంహారం కూడా అక్కర్లేదు. 54వ అధ్యాయం చూడండి. పీక్వాడ్‌కి దారిలో టౌన్-హో అనే ఓడ ఎదురై, ఒక తిరుగుబాటు కథ తెలుస్తుంది. ఆ కథని ఇష్మాయేల్ మనకి నేరుగా చెప్పడు. ఒకప్పుడు లిమా నగరంలో ఒక సత్రంలో స్పానిష్ మిత్రులకి ఎలా చెప్పాడో అలాగే చెప్తానంటాడు. ఆగండాగండి. టౌన్-హో ఎదురైంది పీక్వాడ్ ప్రయాణంలో. ఆ ప్రయాణం ఓడ మునగడంతోనే ముగిసింది. మరి లిమాలో కూర్చుని ఆ కథ చెప్పాడంటే ఆ తర్వాతేగా? మూడు సంపుటాలు చదివిన సమీక్షకులు ఇది గమనించినట్టు లేదు. పైగా ఆ అధ్యాయం చివర్లో వినేవాళ్లు "ఇదంతా నిజమేనా" అని నిలదీస్తే, ఇష్మాయేల్ పూజారిని పిలిపించి, బైబిల్ తెప్పించి, దానిమీద చెయ్యేసి ప్రమాణం చేస్తాడు.

45వ అధ్యాయం పేరే 'అఫిడవిట్'. తిమింగలం ఓడల్ని ముంచగలదా అని ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని ఎసెక్స్‌తో సహా నిజంగా జరిగినవన్నీ కోర్టులో దాఖలు చేసినట్టు చేస్తాడు. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుంటే ఇష్మాయేల్ కథకుడి కంటే సాక్షిలా కనిపిస్తాడు. ఆ సాక్షి నిర్దోషి కూడా కాదు. ఏహబ్ అందర్నీ డెక్ మీదికి పిలిచి, సారా పోయించి, తిమింగలాన్ని చంపేదాకా వదలమని ప్రమాణం చేయిస్తాడు కదా. ఆ తర్వాత 41వ అధ్యాయం మొదట్లోనే ఇష్మాయేల్ ఒప్పుకుంటాడు, ఆ గుంపులో తనూ ఉన్నాననీ, అందరితోపాటు తనూ అరిచాననీ, లోపల భయమేసేకొద్దీ ఇంకా గట్టిగా అరిచాననీ. ఏహబ్ పగ తనదే అనిపించిందట ఆ క్షణంలో.

నా దృష్టిలో నవలకి గుండెకాయ ఇదే. ఒక పిచ్చివాడి వెనక ముప్పైమంది ఎలా వెళ్లారో మనకి చెప్పేవాడు ఆ ముప్పైమందిలో ఒకడు. ఒడ్డున నిలబడి చూసినవాడు కాదు. "మిగిలాను కాబట్టి చెప్తున్నాను" అన్నదానికి పక్కనే "నేనూ అరిచాను కాబట్టి చెప్పాలి" అన్నది కూడా ఉంది. ఎక్కడెక్కడి విషయాలో పోగేసి, తిమింగలం తల గురించీ తోక గురించీ అధ్యాయాలకి అధ్యాయాలు ఎందుకు చెప్తాడంటే, జరిగినదాన్ని ఎటుపక్కనుంచి పట్టుకోవాలో తెలీక అనిపిస్తుంది నాకు. విసుగొచ్చే పేజీలు లేవని మాత్రం అనను. తిమింగలాల వర్గీకరణ ఉన్న 32వ అధ్యాయం దగ్గర పుస్తకం మూసేసినవాళ్లని తప్పుపట్టలేం.

ఇప్పుడు సినిమా. హాలీవుడ్ ఈ కథని మొదట 1926లో 'ది సీ బీస్ట్' అని మూకీగా తీసింది, హీరో జాన్ బారీమోర్. అందులో ఏహబ్‌కి ఓ ప్రియురాలుంటుంది, ఆమె మీద కన్నేసిన తమ్ముడే విలన్, వాడు తోసేయబట్టే కాలు పోతుంది. చివర్న హీరో తిమింగలాన్ని చంపి, తమ్ముడి పీడ కూడా విరగడయ్యాక, ఇంటికెళ్లి ప్రియురాల్ని చేరతాడు. మన దగ్గర జమీందారు, సవతి తమ్ముడు పెట్టి తీసే సినిమాలకి ఇదేం తీసిపోదు! సినిమా బాగా ఆడింది. 1930లో అదే బారీమోర్‌తో మాటలు పెట్టి మళ్లీ తీశారు, ముగింపు మళ్లీ సుఖాంతమే. ఈ రెండు సినిమాల్లోనూ ఇష్మాయేల్ పాత్రే లేదు. అవును మరి, ఓడంతా మునిగితే కదా చెప్పడానికి ఒకడు కావాలి. హీరో క్షేమంగా ఇంటికొచ్చేశాక సాక్షితో పనేముంది?

నవలని గౌరవించి తీసింది జాన్ హ్యూస్టన్, 1956లో. తన తండ్రి వాల్టర్ హ్యూస్టన్‌ని ఏహబ్‌గా పెట్టి తీయాలని ఆయన చిరకాల కోరిక, కానీ తండ్రి 1950లో పోయాడు. చివరికి గ్రెగరీ పెక్ చేశాడు. ఇష్మాయేల్‌గా రిచర్డ్ బేస్‌హార్ట్. స్క్రీన్‌ప్లేకి సైన్స్ ఫిక్షన్ రచయిత రే బ్రాడ్‌బరీని ఐర్లండ్ రప్పించుకున్నాడు హ్యూస్టన్. ఇద్దరికీ పడలేదు, ఆ గొడవలన్నీ కలిపి బ్రాడ్‌బరీ 1992లో ఒక నవలే రాశాడు. తెర మీద స్క్రీన్‌ప్లే కింద ఇద్దరి పేర్లూ పడటం కూడా ఆయనకి నచ్చలేదు. కథ చెప్పింది ఎవరు అన్న పేచీ ఇక్కడా తప్పలేదు.

సినిమా చాలా అందంగా ఉంటుంది. కెమెరామన్ ఆస్వాల్డ్ మారిస్ రంగు బొమ్మ మీద నలుపు-తెలుపు బొమ్మ కలిపి ప్రింటు వేయించి, పాతకాలపు తిమింగలవేట చిత్రాల్లా వెలిసిన రంగు రాబట్టాడు. న్యూ బెడ్‌ఫోర్డ్ రేవు సీన్లు ఐర్లండ్‌లోని యోల్ అనే ఊళ్లో తీశారు. పీక్వాడ్‌గా కనిపించే ఓడ రైలండ్స్ అనే పాత స్కూనర్. ఇదే ఓడ 1950లో డిస్నీవాళ్ల ట్రెజర్ ఐలండ్‌లో హిస్పానియోలాగా నటించింది! జిమ్‌ని మోసిన ఓడే ఇష్మాయేల్‌నీ మోసిందన్నమాట.

సినిమా ఇష్మాయేల్ గొంతుతో మొదలవుతుంది, మధ్యమధ్యలో వినిపిస్తుంది, చివర్న శవపేటిక మీద తేలుతూ కనిపిస్తాడు, రేచల్ వస్తుంది. లండన్ ప్రతిలో పోయిన పేజీ ఇక్కడ భద్రంగా ఉంది. మరి నా గొడవేంటంటే, కెమెరాని ఎవరూ "నీకెలా తెలుసు" అని అడగరు. ఏహబ్ కేబిన్లోకి కెమెరా వెళ్తుంది, స్టార్‌బక్ దగ్గరికి వెళ్తుంది, ఇష్మాయేల్ అక్కడ లేకపోయినా మనకి అనుమానం రాదు. స్పెక్టేటర్ మోపిన నేరం సినిమాలో దానంతటదే కొట్టుకుపోయింది. దాంతోపాటు ఇష్మాయేల్ పని కూడా పోయింది. రెండు గంటల లోపు సినిమాలో అఫిడవిట్టూ, లిమా సత్రమూ, ప్రమాణమూ ఎలాగూ పట్టవు. మిగిలింది మూలన నిలబడి చూసే ఒక మంచి కుర్రాడు. డెక్ మీద ప్రమాణం సీన్‌లో మన కళ్లు ఏహబ్‌ని వదలవు. నేనూ అరిచాను అన్న మాటకి నవల్లో ఉన్న బరువు తెర మీద రాదు.

అసలు మార్పు ఆఖర్న చేశారు. నవల్లో ఫెదల్లా అని ఒక పార్సీ ఉంటాడు, ఏహబ్ పడవలో బల్లెం విసిరేవాడు, జోస్యాలు చెప్తుంటాడు. రెండోరోజు వేటలో తాళ్లలో చిక్కుకుని మాయమవుతాడు. మూడోరోజు తిమింగలం పైకి లేచినప్పుడు దాని ఒంటికి చుట్టుకున్న తాళ్లలో అతని శవం కనిపిస్తుంది. ఏహబ్ చావు మాత్రం చటుక్కున జరిగిపోతుంది. తన బల్లెం తాడే మెడకి చుట్టుకుని పడవలోంచి లాగేస్తుంది. పక్కనున్నవాళ్లకి ఆయన పోయాడని కూడా ఓ క్షణం తెలీదు. అంత గొప్ప పగ, అంత పెద్ద ఉపన్యాసాలు, చావు మాత్రం రెప్పపాటు.

బ్రాడ్‌బరీ ఫెదల్లాని మొత్తంగా తీసేసి, ఆ శవం స్థానంలో ఏహబ్‌ని కట్టేశాడు. తిమింగలానికి కట్టుకుపోయిన ఏహబ్ చెయ్యి అలల ఊపుకి పైకీ కిందకీ ఆడుతుంటే, రమ్మని పిలుస్తున్నట్టుంటుంది. గొప్ప దృశ్యం, ఒకసారి చూస్తే మర్చిపోలేం. ఈ కథ గురించి మాట్లాడేవాళ్లలో చాలామందికి గుర్తున్న చావు ఇదే, పుస్తకంలోది కాదు. ఆ తర్వాత అప్పటిదాకా వద్దన్న స్టార్‌బక్కే మిగతావాళ్లని తిమింగలం మీదికి నడిపిస్తాడు. నవల్లో స్టార్‌బక్ ఓడమీదే ఉండి, ప్రార్థిస్తూ, ఓడతో మునిగిపోతాడు. సినిమా స్టార్‌బక్ మార్పు నాకు మొదట నచ్చలేదు గానీ, ఆలోచిస్తే బ్రాడ్‌బరీ తెలివి కనిపిస్తుంది. ఇష్మాయేల్ ఒప్పుకోలు కెమెరాకి చిక్కదు కాబట్టి, మంచివాడు కూడా గుంపులో ఎలా కలిసిపోతాడో స్టార్‌బక్ మీద పెట్టి చూపించాడు. అప్పు ఒకరిది, తీర్చింది ఇంకొకరు. అయితే ఆ తీర్చినవాడు బతకలేదు, బతికినవాడి మీద ఏ మచ్చా లేదు. నవల్లో బతికినవాడూ, అరిచినవాడూ ఒక్కడే.

ఈ సినిమా చేతిలో ఉండగానే 1955లో ఆర్సన్ వెల్స్ (సినిమాలో పాస్టర్ మాపిల్‌గా ఒకే ఒక్క ప్రసంగం సీన్‌లో దున్నేశాడు) లండన్‌లో ఇదే కథని నాటకంగా వేశాడు. ఓడా లేదు, సముద్రమూ లేదు, తిమింగలమూ లేదు. ఒక పాత నాటక కంపెనీవాళ్లు ఖాళీ స్టేజీ మీద రిహార్సల్ చేస్తుంటారు, అంతే. ఎవరు చెప్తున్నారు అన్న ప్రశ్నకి "మేం నటులం, మేం చెప్తున్నాం" అని తేల్చేశాడు. మెల్విల్ 40వ అధ్యాయానికి ఇంతకంటే దగ్గరగా వచ్చినవాళ్లు నాకు కనపళ్లేదు.

2015లో రాన్ హవర్డ్ ఎసెక్స్ కథని సినిమాగా తీసి, ఎసెక్స్‌లో కుర్రాడిగా పనిచేసి బతికిన థామస్ నికర్‌సన్ పెద్దవాడయ్యాక మెల్విల్‌కి రాత్రంతా కూర్చుని చెప్పినట్టు చూపించాడు. అది కల్పన. నికర్‌సన్ తన కథ రాసుకున్నది 1876లో, మోబీ డిక్ వచ్చిన పాతికేళ్లకి. ఆ కాగితాలు 1960లో గానీ దొరకలేదు, 1984లో గానీ అచ్చవలేదు. కానీ చూడండి, వందల కంప్యూటర్లు పెట్టి తిమింగలాన్ని సృష్టించగలిగే రోజుల్లో కూడా, బతికొచ్చినవాణ్ణొకణ్ణి దీపం ముందు కూర్చోబెడితే తప్ప కథ మొదలుపెట్టలేకపోయారు.

మెల్విల్‌కి ఇవేవీ చూసే యోగం లేదు. ఆయన బతికుండగా మోబీ డిక్ అమెరికాలో అమ్ముడుపోయింది దాదాపు 3,200 కాపీలు. 1853 డిసెంబరులో హార్పర్స్‌లో నిప్పంటుకుని అమ్ముడుపోకుండా ఉన్నవి కూడా కాలిపోయాయి. ఆ పోయిన పేజీ ఉండుంటే కథ మారేదా అంటే, మొత్తంగా మారేది కాదనే నా అభిప్రాయం. వాళ్లకి కావాల్సింది సరదా సముద్ర సాహసం, ఆయన ఇచ్చింది ఇది. 1866 నుంచి పంతొమ్మిదేళ్లు న్యూయార్క్ రేవులో కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం చేసి, 1891లో పోయాడు. ఆయన్ని మళ్లీ చదవడం మొదలుపెట్టింది 1919లో శతజయంతి దగ్గర్నుంచే.

నవల వచ్చిన తర్వాతి వేసవిలో, 1852లో, మెల్విల్ మొట్టమొదటిసారి నాంటకెట్ వెళ్లాడు. అవును, ఆ దీవిని చూడకుండానే దాని గురించి అంత రాశాడు. అక్కడ ఎసెక్స్ కెప్టెన్ పొలార్డ్ ఇంకా ఉన్నాడు. ఎసెక్స్ తర్వాత ఇంకో ఓడకి కెప్టెనై, 1823లో అదీ దిబ్బ తగిలి పోగొట్టుకుని, ఇక ఎవరూ ఓడ ఇవ్వకపోతే ఊళ్లో రాత్రిపూట కాపలా తిరిగే ఉద్యోగంలో చేరిన మనిషి. ఆ ఊరివాళ్లకి ఆయన ఎవరూ కాదు గానీ, తను చూసినవాళ్లందర్లోనూ తన మనసులో అంతగా నిలిచినవాడు లేడని మెల్విల్ తర్వాత రాసుకున్నాడు. ఇద్దరూ కలిశారు, నాలుగు మాటలు మాట్లాడుకున్నారు. ఎసెక్స్ గురించి అడిగినట్టు మాత్రం ఎక్కడా రాయలేదు.